నేతి వేలు

షుబ్రా సందులో నెయ్యి కాచే వహ్బా కళ్ళని నమ్మడు, చూపుడువేలిని నమ్ముతాడు. కమ్మటి వాసన రాగానే ఆ వేలు దానంతటదే గరిటె అంచు తుడిచి నోట్లోకి పోతుంది. పెద్ద ఉపవాసంలో నెయ్యి ముట్టకూడదు కనుక ఈస్టర్ దాకా దానికి గుడ్డ చుట్టేస్తాడు. నిన్న పరధ్యానంలో ఆ గుడ్డనే చప్పరించి, చర్చి గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"గుడ్డ చీకినా పాపమేనా అబూనా?"

"బెంగపడకయ్యా. ఎడారిలో ప్రభువు ఆకలితో ఉంటే, రాళ్ళని రొట్టెలు చేసుకోమని సైతాను ఊరించలేదూ? నీ బాధ ఆయనకి తెలీదా?"

"ఆయనకి చూపించింది రాళ్ళే కదా అబూనా, నెయ్యి కాదుగా!"

అబూనా నవ్వబోయి ఆగాడు. గుడ్డలోని నేతి వాసన గదంతా పరుచుకుంది. ఆయన గుటక మింగి కిటికీ తెరిచాడు.

"ముందా చెయ్యి బయటపెట్టి మాట్లాడు నాయనా. నాకూ ఉపవాసమే!"