మిష్రిఫ్ మిద్దె మీద కొండపాట

నా చిన్నప్పుడు మా అత్తలో చూసినంత కోపం మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ఆమె మా నాన్న చెల్లెలు. రాయచోటి అవతల కొండల్లో మేకలు తోలుతూ పెరిగింది. నిలబడిన చోటే పాట కట్టి పాడేది. కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక విల్లాలో ఇంటిపని చేసేది. నాన్న ఆ ఇంటికే డ్రైవరు. అమ్మా నేనూ వాళ్లతోపాటు పెరటి గదిలో ఉండేవాళ్లం.

ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక మా యజమానులు సౌదీకి వెళ్లిపోయారు. పోతూ తమ దగ్గరుంచుకున్న మా పాస్‌పోర్టులు మా చేతికిచ్చారు, అంతవరకు మంచివాళ్లే. జోర్డాన్ దాకా పోయే బస్సు దొరికిందని నాన్న చెప్పిన రోజు అత్త మూట కట్టడం ఆపేసింది. వెనక విల్లాలో పనిచేసే మా ఊరివైపు పిల్ల కొన్నాళ్లుగా కనపడటం లేదు. ఆ ఇంటికి బయట తాళం. గేటు ఎంత బాదినా పలుకు లేదు. ఆ ఇంటివాళ్లు తమతోనే తీసుకుపోయి ఉంటారన్నాడు నాన్న.

“నువ్వు సూసినావా?” అని అత్త మిద్దె ఎక్కింది.

మా కొండల్లో మేకలు కాసేవాళ్లకు ఒక అలవాటుంది. ఈ గట్టు మీద ఒకరు పాట మొదలుపెట్టి ఆగుతారు. అవతలి గట్టు మీద విన్నవాళ్లు తర్వాతి చరణం అందుకోవాలి. అందుకోకపోతే ఆ మనిషికేదో అయిందని పరుగెత్తిపోతారు. వీధి చివర సైనికుల జీపు ఉంది. నాన్న కింద నిలబడి చేతులు జోడించాడు. ఆమె లెక్కచేయలేదు. కువైట్‌లో యజమానురాలిని మామా అంటారు. ఆ వెనకింటి మామా మీదే పాట ఎత్తుకుంది.

“మేకను కట్టేసినా మేతేసి పోతామే,
మనిసికి తాళమేసి యాడికి పోతివే మామా”

పలుకు లేదు. మళ్లీ పాడింది, గొంతు చీలిపోయేలా. అప్పుడు ఆ ఇంటి వంటగది కిటికీలోంచి సన్నగా వచ్చింది.

“నీళ్లైపాయనక్కా, నిలబడలేకుండాను”

నాన్న జాకీ రాడ్ తెచ్చి తాళాలు పగలగొట్టాడు. ఆ పిల్ల గోడ పట్టుకుని బయటికొచ్చింది. ఇల్లు చూస్తూ ఉండమని చెప్పి తాళం వేసుకుని పోయారట. గేటు బాదింది సైనికులేమోనని పలకలేదట.

వాళ్లకూ ప్రాణభయం కదా పాపం, అంది అమ్మ.

“బయమైతే పారిపోవాల. తాళమెందుకు ఏసినట్టు?” అంది అత్త.

ఇన్నేళ్లైనా ఆ తాళం తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అత్త దగ్గర నేర్చుకున్న పాటలతోనే నేనూ పాటగత్తెనయ్యాను. కోపం తగ్గించి వినసొంపుగా పాడమ్మా అని సలహా ఇచ్చే పెద్దమనుషులకు కొదవలేదు. ఆ రోజు అత్త వినసొంపుగా పాడి ఉంటే ఆ పాట వెనకింటి గోడ కూడా దాటేది కాదు. నేను కట్టిన ప్రతి పాటా మొదలుపెట్టి ఆగుతాను, సభలో ఎవరైనా అందుకుంటారని. అందుకోకపోతే మళ్లీ పాడతాను, ఇంకా గట్టిగా.