మెరుపు గుట్టు తెలిసిన బావమరిది

వాతావరణ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఉరుముల మబ్బుల్లోకి బెలూన్లు వదలడమే బావ ఉద్యోగం. మబ్బులో మంచు పలుకులూ మెత్తని వడగళ్లూ ఒరుసుకుని విద్యుత్తు పోగవుతుందని అతనికి తెలుసు. కానీ మెరుపు పుట్టడానికి చాలినంత విద్యుత్తు ఏ బెలూను పరికరానికీ మబ్బులో కనబడలేదు. మెరుపులు మాత్రం అతని లెక్కతో పనిలేకుండా మెరుస్తూనే ఉన్నాయి.

పదో తరగతి మూడుసార్లు తప్పిన బావమరిదికి ఇలాంటి సందేహాలేమీ లేవు.

"మబ్బూ మబ్బూ గుద్దుకుంటే మెరుపొస్తుంది. ఈ ముక్క కోసం ఇరవై రెండేళ్లా బావా?" అన్నాడు సోఫాలో కాళ్లు బారజాపుకుని.

"మొదటి నిప్పురవ్వ ఎలా పుడుతుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదురా."

"మరి జీతమెందుకిస్తున్నారో!"

అంతలో పక్క వీధిలో ఫెళ్లున పిడుగు పడింది. సర్వజ్ఞుడు మంచం కిందికి దూరాడు.

బావ కిటికీ బార్లా తెరిచి, "అన్నీ తెలిసినవాడివి, నీకెందుకురా భయం? ఇలా వచ్చి ఆ మబ్బులు గుద్దుకోవడం నాక్కూడా చూపించు," అన్నాడు.