ఎలుకల గదిలోకి దసరా సాంబ్రాణి

2005. ఐటీ జోరులో మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా భూముల ధరలు కొండెక్కుతుంటే, నేను అదే రోడ్డు పక్కన ఒక ల్యాబ్‌లో ఎలుకల డాక్టర్ని. "పసుల డాక్టర్ సదివి ఎలుకలకు దాణ పెడుతున్నవా బిడ్డా?" అని మా చిన్నాయన ఎగతాళి చేసేవాడు.

మావి న్యూడ్ మైస్. వాటికి వెంట్రుకలుండవు, రోగాన్ని తట్టుకునే శక్తీ ఉండదు. అందుకే వాటిలో మనిషి కణితిని పెంచవచ్చు. మేం పెంచుతున్నది మెడుల్లోబ్లాస్టోమా, చిన్నపిల్లల మెదడు వెనుక భాగంలో వచ్చే కణితి. తన బాబుకు ఆపరేషన్‌లో తీసిన ముక్కను ఒక తల్లి పరిశోధనకు ఇచ్చింది. బాబు దక్కలేదు. ఫ్రీజర్‌లో దాచిన కణాలు మళ్లీ పెరగలేదు. ఇక ఆ కణితి మిగిలింది ఒక్క గది ఎలుకల్లోనే. మందులు పరీక్షించాలంటే అవే దిక్కు.

దసరా నాటి సాయంత్రం చూస్తే ఎలుకలన్నీ మూలల్లో ముడుచుకుని, కళ్లు మూసుకుని ఉన్నాయి. మేత ముట్టలేదు. ఇన్ఫెక్షన్ అయితే పక్క గదులకు పాకకముందే అన్నిటినీ చంపేయాలి, అదే రూలు. ఫోన్‌లో మా పెద్దసారు ఆ మాటే అన్నారు. పొద్దున దాకా ఆగమని బతిమాలాను.

బయటి గాలిని వడగట్టి లోపలికి పంపే యంత్రాన్ని ఏహెచ్‌యూ అంటాం. దాన్ని కూడా చూద్దామని వెనక్కి వెళ్లాను. యంత్రానికి పసుపు, కుంకుమ బొట్లు. గాలి పీల్చుకునే జాలీ ముందే సాంబ్రాణి గిన్నె, ఇంకా వెచ్చగా ఉంది. ఆ యంత్రాన్ని నడిపే ఎంకపల్లి సత్తయ్య నవ్వుతూ వచ్చి నా చేతిలో జమ్మి ఆకు పెట్టాడు.

"అన్నా, ఈడ పొగ ఎవరు పెట్టిన్రు?"

"నేనే మేడం. ఆయుధపూజ గదా. ఏడాదంత తిరిగే మిషన్."

"గాలి పీల్చే కాడనే ఎందుకు?"

"పసిపిల్లల కోసం ఆ ఎలుకలు పానాలిస్తున్నయి పాపం. దేవుని పొగ జర వాటికి గూడ తగలాలె అని."

వడపోత దుమ్మును, క్రిములను ఆపుతుంది గానీ పొగలోని ఘాటును ఆపదు. లోపల మాస్కు పెట్టుకున్న నాకు వాసనే తెలియలేదు. సంగతి చెప్పేసరికి సత్తయ్య ముఖం పాలిపోయింది.

"సచ్చిపోతయా మేడం?"

"తెల్వదన్నా."

గిన్నె తీసేసి, గాలి వేగం పెంచాం. పొద్దున్నే తలుపు తీస్తే మేత కొరుకుతున్న చప్పుడు! తర్వాత చేసిన పరీక్షల్లోనూ ఏ క్రిమీ దొరకలేదు. గోడకు ఆనుకుని, హమ్మయ్య అనుకుంటూ ఏడ్చేశాను.

జంతువు డీలా పడితే, రోగం పేరు వెతికే ముందు ఆ రోజు అక్కడేం జరిగిందో మనుషుల్ని అడగాలని అప్పుడే నేర్చుకున్నాను. అడక్కుండా రూలు పాటించి ఉంటే, అంత కడుపుకోతలోనూ ఆ తల్లి నమ్మి ఇచ్చినదాన్ని మా చేతులతోనే మట్టిపాలు చేసేవాళ్లం.