పదో పాఠం, పచ్చ దిండు

మా వియ్యపురాలు ఒక మంగళవారం ఉదయం ఒక డ్రైవింగ్ స్కూలును, ఆరు కార్లతో, ఆరుగురు మాస్టర్లతో సహా, చేతిలో కత్తెరైనా లేకుండా స్తంభింపజేసింది. ఒక్క చక్రం కదిలితే ఒట్టు.

ఆరు కార్లంటే, నిజానికి ఐదు. ఆరోది అంతకు ముందు వారం నుంచే మెకానిక్ దగ్గర పడి ఉంది. స్తంభించింది కూడా పదకొండు నిమిషాలే. అయితే ఆ పదకొండు నిమిషాలూ నేను పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి, మిగతా కథలో అబద్ధం పాలు తక్కువ. నేను చదివింది కాన్వెంటులో. అక్కడ అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. వట్టి నిజం చెబితే ఎవరూ వినేవారు కాదు. ఆ రెండింటి మధ్య సందులో నడవడం అప్పుడే అలవాటైంది.

ఆవిడ మా కోడలికి తల్లి. వయసు యాభై తొమ్మిది. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలని నేనంటాను, పదకొండని ఆవిడంటుంది. టేపు ఆవిడ మెడలోనే ఉంటుంది కాబట్టి పదకొండే. మెట్ల కింద ఒక గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, జిప్పులు వేలాడే ఒక మేకు. కొత్త బట్టలు కుట్టదు. పాతవాటికి ఆయుష్షు పోస్తుంది. పొట్ట పెరిగినవాళ్ళకి ప్యాంట్లు వదులు చేస్తుంది, అదే పొట్ట తగ్గిందని ప్రగల్భాలు పలికేవాళ్ళకి బిగిస్తుంది, మళ్ళీ వస్తారని తెలిసి లోపల గుడ్డ కొంచెం వదిలి పెడుతుంది.

ఆవిడకి రెండు అలవాట్లున్నాయి. మొదటిది, ఏ వస్తువూ పోకూడదనుకుంటే దాన్ని దేనికో ఒకదానికి కుట్టేయడం. తాళంచెవి సంచీకి, కళ్ళజోడు తాడు జాకెట్టుకి, మా మనవరాలి చేతిరుమాలు దాని గౌనుకి. ఒకసారి నేను మా ఇంట్లో గొడుగులు పోతున్నాయని వాపోతే, "తీసుకురండి అన్నయ్యగారూ, మీ కోటుకి కుట్టేస్తాను" అంది. నవ్వింది కానీ సూదిలో దారం ఎక్కిస్తూనే నవ్వింది. రెండో అలవాటు కొలతల పుస్తకం. ఎవరిది ఏం కుట్టినా, ఆఖరికి తన చీర అంచు కుట్టుకున్నా, తారీఖు వేసి అందులో రాయాల్సిందే.

హాస్పిటల్ వాళ్ళ దుప్పట్లూ ఏప్రన్లూ బాగుచేసే పని ఆవిడదే. సోమవారం తెచ్చుకోవాలి, గురువారం ఇచ్చిరావాలి. ఇన్నాళ్ళూ ఒక వ్యాను డ్రైవరు మోసేవాడు. ఆయన మోకాళ్ళు మొరాయించి పని మానేస్తూ, వ్యాను ఆవిడకే చవగ్గా ఇచ్చేశాడు. హాస్పిటల్ వాళ్ళు మాత్రం, "ఒకటో తారీఖు నుంచి సొంతంగా తెచ్చి ఇవ్వగలిగితే సరే, లేదంటే ఫ్యాక్టరీకి ఇచ్చేస్తాం" అన్నారు. వ్యాను ఉంది, నడిపేవాళ్ళు లేరు. డ్రైవరును పెట్టుకుంటే కుట్టినదంతా వాడి జీతానికే సరి. అందుకని ఆవిడే డ్రైవింగ్ స్కూల్లో చేరింది. పది పాఠాలు, ప్రతి పాఠానికీ కార్డు మీద స్కూలు సంతకం. పది సంతకాలుంటేనే పరీక్షకి రానిస్తారు. పరీక్ష గురువారం. అది తప్పితే మళ్ళీ మూడు నెలలకి.

మొదటి పాఠం రోజే మాస్టరు జుట్టు కొంత నెరిసిందంటారు. కుట్టుమిషను ఆపాలంటే పక్కనున్న చక్రం మీద అరచెయ్యి ఆనిస్తారు కదా. ఎదురుగా లారీ వస్తుంటే ఈవిడ స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి, కారు ఆగుతుందని ప్రశాంతంగా కూర్చుంది.

"అమ్మా, బ్రేకు! కాలు! కాలు!"

"కాలు ఆడించడం మానేశానుగా బాబూ. ఇంకేం చెయ్యాలి?"

బ్రేకు మాస్టరే తొక్కాడు. అయితే మూడో పాఠానికల్లా క్లచ్చి మీద ఆవిడ పాదం చూసి ఆయనే ముచ్చటపడ్డాడు. నలభై ఏళ్ళు తొక్కిన పాదం అది. ఇక ఎత్తు సమస్యకి ఆవిడే మందు కనిపెట్టింది. మిగిలిపోయిన పచ్చ పరదా గుడ్డతో, నాలుగంగుళాల మందాన, ఒక దిండు కుట్టి తెచ్చుకుంది. మూలన నారింజ రంగు దారంతో చిన్న త్రికోణం, అది ఆవిడ గుర్తు. దాని మీద కూర్చుంటే రోడ్డంతా కనిపించేది. రోడ్డు మీదివాళ్ళకి ఆవిడా కనిపించేది, అది ఇంకా ముఖ్యం.

తొమ్మిది పాఠాలు అయ్యాయి. పదోది శనివారం. ఆ రోజు ఆవిడ కారెక్కుతూ, "నా దిండేది?" అంది.

"మొన్న మీరు కార్లోనే మర్చిపోయారమ్మా. ఇక్కడే ఉండాలి..." అని మాస్టరు సీట్ల కింద వెతికాడు. దొరకలేదు. సరే, ఈ ఒక్క రోజుకీ మెడ సాచి నడుపుదామనుకుంటే ఆయన నసిగాడు. "అమ్మా, కొత్త ఆర్డరు వచ్చింది. ప్రతి పాఠానికీ ముందు లెర్నర్ లైసెన్సు, కంటి పరీక్ష సర్టిఫికెట్ చూడాలట."

"మొదటి రోజు చూశారుగా?"

"చూశానమ్మా. మళ్ళీ చూడాలట. చూడకపోతే నా ఉద్యోగం చూసుకోమన్నారు."

ఆవిడ సంచీ తెరిచింది. లేవు. సంచీ అంతా బోర్లించింది. దారపుండలు, సుద్దముక్క, ఎవరిదో ప్యాంటు హుక్కు. కాగితాలు లేవు. పాఠం రద్దయింది. ఆఫీసులో కౌంటర్ అమ్మాయి ఒక చీటీ చేతిలో పెట్టింది. పత్రాలు లేని కారణంగా పాఠం రద్దు, రుసుము పూర్తిగా వసూలు. కార్డు మీద సంతకం లేదు. ఖాళీ ఉన్న తర్వాతి పాఠం పదకొండు రోజులకి. అంటే పరీక్ష అయిపోయాక.

"డబ్బు తీసుకోవడానికేమో పాఠం అయినట్టు, సంతకానికేమో కానట్టా? నేను ప్యాంటు కుట్టకుండా కుట్టుకూలి తీసుకుంటే నువ్వూరుకుంటావా తల్లీ?"

"నేనేం చెయ్యనాంటీ, రూలు."

పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్నట్టుంది వ్యవహారం.

ఇంటికొచ్చి గది తలకిందులు చేసింది. మిషను సొరుగులు, దుప్పట్ల మూటలు, ఇస్త్రీ బల్ల అట్ట కింద. ఎక్కడా లేవు. పరీక్ష పోతుందన్న దిగులు కంటే, తాను ఒక వస్తువు పోగొట్టుకోవడమా అన్న అవమానం ఆవిణ్ణి ఎక్కువ కాల్చింది. "ఎక్కడో చాలా భద్రంగా పెట్టాను అన్నయ్యగారూ. ఆ భద్రమే కొంప ముంచింది" అంది.

నేను రంగంలోకి దిగాను. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషులో మూడు పేజీల ఉత్తరం రాశాను. అందులో 'వినమ్రంగా' అనే మాటే ఏడుసార్లు పడింది. న్యాయం, ధర్మం, మహిళాభ్యుదయం, దేన్నీ వదల్లేదు. సోమవారం ఉదయం జవాబొచ్చింది. అచ్చువేసిన చీటీ, దాని మీద పెన్నుతో ఒకే ముక్క: రూలు నంబరు నాలుగు చూడగలరు.

"ఏడుసార్లు వంగారు, నడుం నొప్పి తప్ప ఏమొచ్చింది?" అని మా వియ్యపురాలు పెదవి విరిచి, హాస్పిటల్ మూట విప్పుకుని కూర్చుంది. పాత లెక్క సరిచూడ్డానికి కొలతల పుస్తకం తిరగేస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మిషను మీద తల ఆనించి, టేపు నేలమీద పడేదాకా నవ్వింది. పుస్తకం నా ముందుకి తోసింది. కిందటి బుధవారం తారీఖు. హాస్పిటల్ ఏప్రన్లు నలభై. ఎదురింటి వారి ప్యాంటు, పొడవు రెండంగుళాలు. దాని కింద: సొంతం, పచ్చ దిండు, లోపల జేబు, జిప్పు, కాగితాలు రెండు.

దిండు లేకుండా కారు నడపదు కాబట్టి, కాగితాలు దిండులో ఉంటే ఎప్పటికీ మర్చిపోదు. అంత దివ్యమైన ఆలోచన. నలభై ఏప్రన్ల హడావిడిలో ఆ ఆలోచననే మర్చిపోయింది.

మంగళవారం పొద్దున్నే ఇద్దరం స్కూలుకి వెళ్ళాం. "మీరు నోరు విప్పొద్దు" అని దారి పొడుగునా ఒట్టు వేయించుకుంది. కారంతా వెతికించమని అడగడం ఆవిడ ఉద్దేశం. కౌంటర్ అమ్మాయి మమ్మల్ని నేరుగా ప్రొప్రయిటరు గదిలోకి పంపింది. భారీ మనిషి, భారీ బల్ల, వెనక గోడ మీద రూళ్ళ బోర్డు.

"ఆ మూడు పేజీలు మీవేనా?" అన్నాడు నన్ను చూసి. ఒట్టు గుర్తుంది కనుక తల మాత్రం ఊపాను.

"దిండు సంగతి..." అని ఆవిడ మొదలుపెట్టేలోపే ఆయన, "దిండ్లూ దుప్పట్లూ తర్వాతమ్మా, ముందు మీ ఫైలు చూద్దాం" అంటూ కింది సొరుగు కోసం పక్కకి ఒరిగాడు. ఆయన ఒరిగిన వైపు కుర్చీలోంచి ఒక పచ్చని మూల బయటికొచ్చింది. దాని మీద నారింజ రంగు త్రికోణం.

నేను కేక వేయబోయాను. ఆవిడ నా కాలు తొక్కింది. క్లచ్చి తొక్కే పాదమే.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళ గురించి విన్నాం. ఇక్కడ పిల్ల ఎదుటివాడి కింద ఉంది. ఇంకొకరైతే అరిచేవారు. ఆవిడ కొంగు సర్దుకుని, ఎంతో వినయంగా, "నేను చదువుకున్నదాన్ని కాదు సార్. ఆ నాలుగో రూలు కాస్త విడమర్చి చెబుతారా?" అంది.

ఆయనకి హుషారొచ్చింది. "పత్రాలు లేక పాఠం రద్దయితే, అవి ఎవరి వల్ల లేకుండా పోయాయో వాళ్ళదే బాధ్యత. రుసుమూ వాళ్ళదే."

"ఎవరైనా సరేనా సార్? పెద్దాచిన్నా తేడా లేదా?"

"రూలుకి తేడా ఏమిటమ్మా? రేపు నేనైనా అంతే!"

"అందరూ విన్నారుగా?" అంది ఆవిడ. అప్పుడు తిరిగి చూస్తే, గుమ్మంలో మాస్టర్లు ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు. కార్లు బయట తలుపులు తెరుచుకుని నిలబడ్డాయి. పాఠానికొచ్చినవాళ్ళు కిటికీ దగ్గర చేరారు. నేను చెప్పిన పదకొండు నిమిషాలు ఇవే.

"అయితే ఒక్కసారి లేవండి సార్."

"ఎందుకూ?"

"మీరు నా లైసెన్సు మీద కూర్చున్నారు."

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, తన కిందికి మాత్రం చూసుకోలేకపోయాడు. "ఇది... నడుం నొప్పిగా ఉంటే... శుక్రవారం కార్లో కనిపిస్తే... ఎవరిదో అనుకుని..." అంటూ లేచాడు. ఆవిడ దిండు తీసుకుని, దులిపి, అంచులో దాగిన జిప్పు లాగి, రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. నాలుగు రోజులు అంత మనిషి కింద ఉన్నందుకు అవి ఇస్త్రీ చేసినట్టు తయారయ్యాయి.

"వెచ్చగా కూడా ఉన్నాయి సార్" అంది.

మొదట నవ్వింది కౌంటర్ అమ్మాయి. తర్వాత మాస్టర్లు. చివరికి ప్రొప్రయిటరే బల్ల గట్టిగా పట్టుకుని, నడుం నొప్పిని తిట్టుకుంటూ నవ్వాడు. ఆయన మంచివాడేనని చెప్పాలి. చీటీ చింపేశాడు. రుసుము వెనక్కి ఇవ్వమన్నాడు. "పదో పాఠం ఇప్పుడే, నేనే చెబుతాను" అని కారు తాళాలు తీసుకున్నాడు.

"మీరు లోపల పడతారా?" అని ఆవిడ ఆయన్ని టేపు చూపుతో పైనుంచి కిందికి కొలిచింది. పట్టాడు, కొంచెం ఒదిగి. నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చి, కార్డు మీద పదో సంతకం పెట్టి, "ఈ పాదం ఎక్కడ నేర్చింది?" అని మాస్టరును అడిగాడట.

గురువారం ఆవిడ పరీక్ష నెగ్గింది. శుక్రవారం ప్రొప్రయిటరు మెట్ల కింద గదికి వచ్చి నిలబడ్డాడు. కుర్చీకి ఒకటి, కార్లకి ఆరు, మొత్తం ఏడు దిండ్లు కావాలి. "కొలత తీయాలి సార్, కూర్చోండి" అంది. కూర్చున్నాడు. స్టూలు చుట్టూ టేపు తిప్పి, "ఇప్పుడు లేవండి" అంది. ఆ మాటకి మళ్ళీ ఇద్దరూ నవ్వారు. కొలతల పుస్తకంలో ఆ రోజు వరస నేను చూశాను: డ్రైవింగ్ స్కూలు, దిండ్లు ఏడు, జేబు లేకుండా.

ఇదంతా రాసి, మొన్న గురువారం హాస్పిటల్‌కి వెళుతుంటే వ్యానులో పక్కన కూర్చుని ఆవిడకి చదివి వినిపించాను. దుప్పట్ల మూటలు వెనక ఊగుతున్నాయి. మొదటి వాక్యం నుంచే ఆవిడ తల అడ్డంగా తిప్పుతోంది.

"అబద్ధం. నేను జన్మలో ఒక్క కాగితం పోగొట్టుకున్నదాన్ని కాదు."

"పోగొట్టుకున్నారని రాయలేదుగా చెల్లెమ్మగారూ, భద్రంగా పెట్టారనే రాశాను."

"ఎవర్నీ కుర్చీలోంచి లేపలేదు. ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. స్టీరింగు మీద అరచెయ్యి ఆనించడమేమిటి, నేనేమైనా పసిపిల్లనా?"

మలుపు దగ్గర పోలీసు చెయ్యెత్తాడు. ఆవిడ చక్కగా బ్రేకు వేసి ఆపింది. స్టీరింగు మీద అరచెయ్యి కూడా ఆనించింది, ఎందుకైనా మంచిదని. అతను లైసెన్సు అడిగాడు. ఆవిడ సీట్లో కొంచెం పైకి లేచి, కింద చెయ్యిపెట్టి జిప్పు లాగి, లైసెన్సు తీసి ఇచ్చి, మళ్ళీ లోపల పెట్టి, జిప్పు మూసి, సర్దుకుని కూర్చుంది. గేరు మార్చింది.

"అసలు ఆ దిండే లేదు అన్నయ్యగారూ. అంతా మీ కల్పన."