సముద్రం మింగిన ఎ షిఫ్టు

ఇది సముద్రం మింగేసిన నిధి గురించీ, పరాయి దేశంలో ప్రాణాల కోసం సాగిన వేట గురించీ, ఒక స్త్రీ పట్టుదల గురించీ చెప్పబోతున్న మహాగాథ.

కాదు లెండి. మా నాన్న బీపీ మాత్రలు నీళ్ళలో పడిపోయాయి. అంతే. అయినా ఆ సాయంత్రం తలుచుకుంటే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది కాబట్టి చెప్పక తప్పదు.

నాన్న ముప్పై ఏళ్ళు జంషెడ్‌పూర్ స్టీలు ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరయ్యాడు. ప్లాంటు ఆయన్ని వదిలింది గానీ ఆయన షిఫ్టుల్ని వదల్లేదు. బిర్సానగర్‌లోని మా ఇంట్లో పాలు ఎ షిఫ్టులో వస్తాయి, చుట్టాలు బి షిఫ్టులో వస్తారు. బీపీ, షుగరు వచ్చినప్పుడు మాత్రల్ని కూడా డ్యూటీలో వేశాడు. పొద్దున టిఫినయ్యాక వేసుకునేది ఎ షిఫ్టు, మధ్యాహ్నానిది బి, రాత్రి అన్నం తిన్నాకది సి. నెలనెలా సాక్చి బజారుకి వెళ్ళి వాటిని తేవడం నా పని. మందుల షాపతను నన్ను చూడగానే లోపలికి కేకేసేవాడు: "అంకుల్ కా ఎ-బి-సీ నికాలో!" మూడు రకాలూ కవర్లో పడేవి. నాకు డిగ్రీ ఉంది. ఆ మాత్రల రేకుల మీద ఏం రాసుందో పదకొండేళ్ళలో ఒక్కసారీ చదవలేదు.

థాయ్‌లాండ్ అమ్మ కోరిక. అడుగున గాజు బిగించిన పడవలో కూర్చుంటే కింద చేపలు తిరుగుతూ కనిపిస్తాయని ఫోన్లో ఏదో వీడియో చూసింది. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి, చేపల్ని బుట్టలోనూ పులుసులోనూ చూసింది తప్ప వాటి సొంతింట్లో చూడలేదు. ఓ ఏడాది ప్లాంటులో షట్‌డౌన్, ఓ ఏడాది ఓవర్‌టైమ్, ఇలా వాయిదాలు పడీ పడీ చివరికి బయల్దేరాం. పడవ అక్కడ దిగిన మూడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి.

సామాను సర్దేటప్పుడు నాన్న కత్తెర పట్టుకుని కూర్చుని మాత్రలన్నీ రేకుల్లోంచి ఒలిచేశాడు.

"ఇమానంలో బరువు లెక్కెడతారంట. రేకుల బరువు మనమెందుకు మొయ్యాల?"

ఒలిచిన వాటిని మూడు మూతల ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూతల మీద మార్కరుతో A, B, C అని రాసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు చీటీ భద్రంగా బీరువాలో ఉంది. బీరువా జంషెడ్‌పూర్‌లో ఉంది.

రెండో రోజు సాయంత్రం సముద్రంలో మోకాళ్ళ లోతున నిలబడిన నాన్న, కొట్టుకుపోతున్న చెప్పు కోసం వంగాడు. చెప్పు దొరికింది. డబ్బా జారింది. రెండు అలల తర్వాత డబ్బా కూడా తిరిగొచ్చింది, మూడు మూతలూ తెరుచుకుని, ఖాళీగా. సముద్రం కాస్త నెమ్మదించినట్టే అనిపించింది నాకు. బీపీ మందు అలాంటిది మరి.

"ఏటే నవ్వుతన్నావు?" అన్నాడు నాన్న. "ఇంక తిరగడాలు బంద్. మాత్ర లేకుండా పడవెక్కడమంటే అన్‌సేఫ్ యాక్ట్. టికెట్లు మార్చీ, రేపే ఇంటికెల్లిపోదాం."

"పోనీ మీరు రూములో పడుకోండి, నానూ పిల్లా ఎల్లొత్తాం," అంది అమ్మ.

"నాకేటైనా అయితే?"

అమ్మ గదికి వెళ్ళి, రేపటికని బయట పెట్టుకున్న చీరను మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. నా జోకులు అక్కడితో ఆగిపోయాయి. అంటే, ఓ ఐదు నిమిషాలు.

ఇద్దర్నీ వెంటేసుకుని వీధి చివరి మందుల షాపుకి పరిగెత్తాను. నేను నోరు తెరిచేలోపే నాన్న ఖాళీ డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు. కళ్ళద్దాల అమ్మాయి A, B, C అక్షరాల్ని చూసింది. ముఖం వెలిగిపోయింది. చకచకా మూడు సీసాలు తెచ్చి, ఒక్కో మూతకి ఎదురుగా ఒక్కోటి పెట్టింది.

"సూసేవా!" అన్నాడు నాన్న. "భాష రాపోయినా పని అయిపోనాది. సిస్టమ్ ఉండాలి, సిస్టమ్!" ఆ తర్వాత మూడో సీసా ఎత్తి చూసి, "సీ షిఫ్టు ఇంత లావుందేటే? బొమ్మ కుందేలేటి?"

చదివాను. విటమిన్ ఎ. విటమిన్ బి. కుందేలు బొమ్మున్నది నారింజ రుచి విటమిన్ సి, చప్పరించేది.

బీపీ, డయాబెటిస్ అని వివరించేసరికి ఆ అమ్మాయి సీసాలు వెనక్కి తీసుకుని, పక్కనున్న క్లినిక్ చూపించింది. ఆరింటికి మూసేస్తారు. అప్పుడు ఐదున్నర.

నర్సు నాన్న చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. ఎక్కువుంది. యువ డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు, ఏ మందు వాడుతున్నారని. నాన్న హుందాగా జవాబిచ్చాడు: "మార్నింగ్ వైట్. స్మాల్. రౌండ్."

డాక్టరు ఓపిగ్గా తల ఊపాడు. పేరు తెలిస్తే ఇప్పుడే రాసిస్తాను, లేదంటే రేపు పొద్దున్న పరగడుపున రక్తపరీక్ష చేసి ఏదివ్వాలో చూద్దాం, అన్నాడు. రేపు పొద్దునంటే పడవ. అమ్మ నా వైపు చూసింది.

సాక్చికి ఫోన్ చేశాను.

"అంకుల్ కా ఎ-బి-సీ? అభీ తో లే గయీ థీ!" అన్నాడు షాపతను, మొన్ననేగా పట్టుకెళ్ళావని.

"సముందర్ మే గిర్ గయా, భయ్యా!"

"జంషెడ్‌పూర్ మే సముందర్ కహాఁ?"

న్యాయమైన ప్రశ్నే, మా ఊళ్ళో సముద్రమెక్కడిది? థాయ్‌లాండ్ అని చెప్పి, మూడు మాత్రల ఫొటోలు తీసి పంపమన్నాను. ఐదూ నలభై ఐదుకి వచ్చాయి. ముగ్గురం ఫోన్ మీదకి వాలిపోయాం. షుగరు మాత్ర, రాత్రి మాత్ర స్పష్టంగా ఉన్నాయి. ఎ షిఫ్టు రేకు మాత్రం ఎవరికో సగం కత్తిరించి ఇచ్చేశాక మిగిలిన ముక్క. పేరున్న వైపు ఆ ఎవరితోనో వెళ్ళిపోయింది. ఇటు మిగిలింది '...పిన్'.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ తోకతో ముగిసే మందులు చాలా ఉన్నాయట. నర్సు లైట్లు ఆర్పడం మొదలుపెట్టింది.

"భయ్యా, డబ్బా! డబ్బా కా ఫొటో!" అని, ఆ రేకులొచ్చే అట్టపెట్టె కోసం నేనరిచిన అరుపు సాక్చికి ఫోన్ లేకుండానే వినపడి ఉండాలి. ఫోన్ తెర మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్క, ఇంకా తిరుగుతున్న చుక్క, ఫొటో! డాక్టరు "ఆమ్లోడిపిన్" అన్నాడు, పాత స్నేహితుడెదురైనట్టు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. నర్సు కూడా కొట్టింది, ఎందుకో తెలియకపోయినా.

"ఆమ్లోడిపిన్," అని రెండుసార్లు పలికి చూసుకున్నాడు నాన్న. "పేరు బానే ఉంది."

"పదకొండేళ్ళు కలిసున్నారు," అంది అమ్మ. "ఇప్పుడా పేరడగడం?"

మర్నాడు ఎనిమిదింటికి పడవలో అమ్మ పెట్టెలోంచి మళ్ళీ తీసిన చీరలో ఉంది. గాజు కింద పసుపు చారల చేపల గుంపొకటి జర్రున దూసుకుపోయింది. "ఓలమ్మా! సూడండి, సూడండి, మన కాల్ల కిందే!" అని అమ్మ వేసిన కేకకి విదేశీయులందరూ వంగి చూశారు. నాన్న ఎ షిఫ్టు వేసుకుని, రేకు జేబులో పెట్టుకుని, ఆ చేపలు పులుసుకి పనికిరావని తేల్చాడు. అమ్మ వినలేదు. గాజుకి ముఖం ఆనించి, చిన్నపిల్లలా నవ్వుతూనే ఉంది.

మాత్రల రేకుని ఎప్పుడూ పేరు లేని కొస నుంచి కత్తిరించాలి.