సందువైపు తలుపు

మా మేనత్త పోయింది. అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను గిద్దలూరు బస్టాండులో ఉన్నాను. మూడో ఉద్యోగం కూడా మానేద్దామా వద్దా అనుకుంటూ మార్కాపురం బస్సు కోసం చూస్తున్నాను. "పొద్దున కాఫీ తీసుకొని పోతే లేవలేదు పాపా" అంది అమ్మ. కంభం దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత రోడ్డు పక్కన ఎవరో పైపు పట్టుకొని కొత్త గోడకు నీళ్ళు కొడుతుంటే చూశాను. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపు. ఎందుకో మీకు తెలియాలంటే అత్త ఇల్లు కట్టిన సంగతి చెప్పాలి.

అత్త మా నాయనకు అక్క. పుల్లలచెరువు దగ్గర పల్లెలో ఉండేది. మామ పోయాక మూడేళ్ళు జాకెట్లు కుట్టుకుంటూ ఒక్కతే బతికింది. చివరికి నాయనే పోయి, కుట్టుమిషన్‌తో సహా ఆటోలో ఎక్కించుకొని వచ్చాడు. మా నడిమింట్లో మంచం వేశాం. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు అన్నం తింటూ, పచ్చడి అడిగినంత మామూలుగా అడిగింది.

"ఒరే తమ్ముడా, పెరట్లో నాకొక ఇల్లు కట్టీరా."

"ఇల్లెందుకక్కా? గది వేస్తాలే."

"గదైతే నీది. ఇల్లైతే నాది."

పెరట్లో బట్టలుతికే బండ, నిమ్మచెట్టు, వాటి వెనక ప్రహరీ. ప్రహరీకి అవతల సన్న సందు. అత్తకు తలుపు ఆ సందువైపు కావాలి. నాయన పొయ్యికి ఒప్పుకున్నాడు, స్నానాలగదికి ఒప్పుకున్నాడు. తలుపు దగ్గర మాత్రం మొండికేశాడు. ఒకే ప్రహరీలో రెండు పొయ్యిలు, రెండు గుమ్మాలు ఉంటే ఊళ్ళో దాన్ని ఏమంటారో ఆయనకు తెలుసు.

"అక్కను వేరు పెట్టినాడంటారు. నేను బజార్లో తలెత్తుకోవాల్నా వద్దా?"

"మరి నా దగ్గర కుట్టించుకొనేటోళ్ళు నీ వరండాలో నీ కాళ్ళు దాటుకొని రావాల్నా? నువ్వేమో పేపరు అడ్డం పెట్టుకొని ఎవరొచ్చినారా అని చూస్తంటావు. రెండుసార్లు వస్తారు, మూడోసారి రారు. అప్పుడు నేనేంది? నీ ఇంట్లో కూర్చొని తినేదాన్ని."

అత్త గొంతు పెంచి మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే.

పని మొదలైంది. తర్లుపాడు నుంచి వచ్చే మేస్త్రి పనిలో నిదానం, మాటలో అంతకన్నా నిదానం. తలుపుకు చోటు పెరటివైపే వదిలి గోడలు లేపుతున్నాడు. సందువైపు ప్రహరీ ఆ మేర కొట్టేసి, దాని చోటే ఇంటి గోడ లేస్తోంది. సాయంత్రం ఆయన వెళ్ళగానే అత్త బలపం తీసుకొని సందువైపు గోడ మీద తలుపంత గీత గీసేది. పలకలకు పేరుపడ్డ మా మార్కాపురంలో బలపాలకేం కరువు? పొద్దున్నే నాయన తడిగుడ్డతో తుడిచేసేవాడు. ఇద్దరూ కలిసి కాఫీ తాగేవాళ్ళు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఊరికే ఉన్న నాకు ఇది సీరియల్ కన్నా బాగుండేది.

ఒకరోజు గమనించాను. సరిగ్గా ఆ గీత ఉన్నచోట ఇటుకల మధ్య సిమెంటు లేదు. ఎర్రమట్టి ఉంది.

"ఏంది మేస్త్రీ, ఇక్కడ మట్టి పెట్టినావు?" అని అడిగాను.

"సిమెంటు అయిపోయింది పాపా" అన్నాడు. ఆయన వెనకే సిమెంటు బస్తాలు నా నడుమెత్తున పేర్చి ఉన్నాయి. పక్కన కూర్చున్న అత్త నా కాలు తొక్కింది.

సిమెంటు గట్టిపడాలని రోజూ గోడలకు నీళ్ళు కొట్టేటప్పుడు, ఆ చోట మాత్రం మేస్త్రి పైపైన చిలకరించి వదిలేసేవాడు. తలుపెత్తున గోడల పొడుగునా లింటెల్, పైగోడను మోసే కాంక్రీటు పట్టీ, పోశారు, అదీ గట్టిపడింది. ఇంతలో మేస్త్రి చుట్టాల పెళ్ళికి పోతూ గోడలు తడిపే పని నాయనకు అప్పగించాడు. ఆ పక్కకు పోవద్దని చెప్పడం మరిచిపోయాడో, చెప్పే ధైర్యం లేకపోయిందో. నాయన ఏ పనైనా చేస్తే నిండుగా చేస్తాడు. ట్యాంకర్ తెప్పించి, లుంగీ ఎగ్గట్టి, పైపు పట్టాడు. సందువైపు గోడ మరీ ఎండిపోయినట్టు కనిపించింది. అక్కడే నిలబడి కొట్టాడు. మట్టి కారడం మొదలైంది. కడిగేకొద్దీ మురికి వస్తోందనుకొని ఇంకా దగ్గరికి జరిగి కొట్టాడు.

ఇటుకలు ఒకదాని వెంట ఒకటి జారి సందులోకి పడ్డాయి. పైగోడ లింటెల్ మీద నిక్షేపంగా నిలబడింది. దాని కింద తలుపంత ఖాళీ. ఖాళీకి అవతల బిందె చంకన పెట్టుకొని ఎదురింటి ఆమె.

"ఏందన్నా, ఇటుపక్క తలుపు పెడ్తన్నారా?"

నాయన చేతిలో పైపు అట్లనే పారుతోంది. వెనక నుంచి అత్త చెప్పింది, "అవునమ్మా. మా తమ్ముడే తీసినాడు."

అక్కకు తమ్ముడే తలుపు తీసినాడన్న మాట రెండు రోజుల్లో సందంతా పాకింది. మూడో రోజు ట్రాలీ ఆటోలో వేప ద్వారబంధం దించాడు. మేస్త్రి వచ్చి నాయన మొహం చూడకుండా తాపీ కడుక్కున్నాడు. "తెలిసే చేసినావు కదా?" అని నాయన గద్దించాడు. "సిమెంటు అయిపోయిందన్నా" అన్నాడు మేస్త్రి. గుమ్మానికి పసుపు పూసింది అమ్మ. ఆ ఇంట్లో పాలు పొంగించింది మాత్రం అత్తే. ఎవరినీ గిన్నె ముట్టనివ్వలేదు.

ఆ తలుపు పక్కనే మిషన్ వేసుకొని ఆరేళ్ళు బతికింది. అన్నం తినేటప్పుడు కూడా మెడలో టేపు ఉండేది. "కొలత జాకెట్టును నమ్మొద్దే. అందరూ పెళ్ళికి ముందుది ఇస్తారు" అనేది. నేను ఉద్యోగం మానేసి వచ్చిన ప్రతిసారీ ఎందుకని అడగని మనిషి ఆమె ఒక్కతే. హుక్కుల డబ్బా నా ముందుకు తోసేది. "చేతులు ఊరికే ఉంటే బుర్ర ఏడుస్తది. కుట్టు." కుట్టేదాన్ని. పది హుక్కులయ్యేసరికి నేనే అంతా చెప్పేసేదాన్ని. అప్పుడు కూడా సలహా ఇవ్వదు. దారం పంటితో తెంపి, "ఇంకో నాలుగుండాయి" అనేది.

నాయన మాత్రం ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తలుపు వాడలేదు. పెరటివైపు నుంచి వచ్చి, గడప ఇవతలే నిలబడి "అక్కా" అని పిలిచేవాడు. సందులో ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తుంటే వెనక్కి తిరిగేవాడు.

పెద్దకర్మ అయిన మరునాడు నేనూ నాయనా అత్త ఇంట్లో కూర్చొని ఉంటే, సందువైపు తలుపు ఎవరో మెల్లిగా తట్టారు. నేను లేచేలోపే నాయన పోయి గడియ తీశాడు. ఎవరో నడివయసు ఆమె, అడగలేక అడిగింది. కూతురి నిశ్చితార్థానికి జాకెట్టు ఇచ్చిందట, కుట్టడం అయిందో లేదో.

"ఉండమ్మా, చూస్తా."

అత్త ఎవరి పేరూ రాసిపెట్టేది కాదు. అన్నీ ఆమె తలలోనే. నాయన మిషన్ పక్కనున్న జాకెట్ల బుట్ట ముందేసుకొని గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో జాకెట్టూ రెండు చేతులతో పట్టుకొని గుమ్మం దాకా తెచ్చి, వెలుగులోకి చాపి చూపిస్తున్నాడు.

"ఇదేనామ్మా?"

"కాదన్నా. నాది నెమలికంఠం రంగు."

నాయనకు ఆ రంగేదో తెలియదు. మళ్ళీ లోపలికి పోయాడు, ఇంకొకటి తెచ్చాడు. ఆమె వెనక సందులో మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. నేను కదల్లేదు. నాయన గడప దాటి ఒక కాలు సందులో పెట్టి, ఇంకో జాకెట్టు ఎండకు ఎత్తి పట్టుకొని అడుగుతున్నాడు.

"ఇదా?"