ఒక సున్నా ఎక్కువ

రేసుకోర్సులో టికెట్లమ్మే ఆవిడను తోటివాళ్లు గోడక్క అంటారు. ఆమె కిటికీ ముందు జనం, వీపు వెనక గోడ, గోడ అవతల గుర్రాలు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క పందెమైనా తిరిగి చూసిన పాపాన పోలేదు. చూడటానికేముంది? వచ్చిన ప్రతి వందలోంచి పన్నూ, క్లబ్బు వాటా ముందే పక్కకు పోతాయి. మిగిలిందే గెలిచినవాళ్లు పంచుకునేది. ఏ గుర్రం గెలిచినా క్లబ్బుకు నష్టం లేదు, నష్టమంతా కిటికీ అవతలివాళ్లదే.

ఆ అవతలివాళ్లలో ఒకప్పుడు ఆమె మొగుడూ ఉండేవాడు. లేత్ మిషన్ మీద ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిందంతా ఇక్కడే తగలేశాడు. ఆమె కాళ్లావేళ్లా పడితే మానాడు. అప్పటి నుంచి జీతం కవరు విప్పకుండా ఆమె చేతిలో పెడతాడు. తన చేతుల మీద తనకే నమ్మకం లేదంటాడు పాపం.

ఆ రోజు నాలుగో పందెం మొదలవబోతోంది. వరసలో ఒకటే తోపులాట.

"ఏడో నంబరు మీద వెయ్యి. తొందరగా!" అన్నాడొక పెద్దాయన.

కంగారులో ఆమె వేలు సున్నా మీద ఒకసారి ఎక్కువ పడింది. మిషన్ పదివేల టికెట్టు కక్కింది.

"నేనడిగింది వెయ్యేనమ్మా! పదివేలు నా దగ్గరెక్కడివి?"

"ఉండండి, రద్దు చేస్తాను" అంటుండగానే పందెం మొదలైనట్టు గంట మోగింది, మిషన్ ఆగిపోయింది. పెద్దాయన తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

కౌంటర్లో కూర్చునేవాళ్లు పందెం కాయకూడదు, అది రూలు. తప్పు కొట్టిన టికెట్టును వాళ్లే డబ్బు కట్టి ఉంచుకోవాలి, అదీ రూలే. ఎవడు రాశాడోగానీ మహా తెలివైనవాడు. ఆమె సంచిలో ఉన్నది ఆ నెల ఇంటద్దె, సరిగ్గా పదివేలు.

"ఏడో నంబరా? దాని మొహం ఎవరూ చూడట్లేదక్కా" అంది పక్క కిటికీ అమ్మాయి జాలిగా.

ఆమె కుర్చీ తోసేసి, గోడకున్న వెంటిలేటర్ దగ్గర మునివేళ్ల మీద నిలబడింది. ఏడో నంబరు బాగా వెనక ఉంది. మలుపు దగ్గర ఒకదాన్ని దాటింది, ఆ తర్వాత మరొకదాన్ని.

"కొట్టు! కొట్టెయ్!" అని ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఆ గొంతు తనదేనని ఆమెకు కాసేపటికిగానీ తెలియలేదు. అచ్చం మొగుడి అరుపే.

ఏడో నంబరు తలకాయంత తేడాతో గెలిచింది. ఆ టికెట్టు మీద వచ్చినదాంట్లోంచి డ్రాయరుకు పదివేలు కట్టేశాక ఆమెకు యాభైవేలు మిగిలాయి. అమ్మయ్య అనుకోకముందే మరో మాట మనసులోకొచ్చింది. ఇంకో సున్నా కొట్టి ఉంటే? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే భయమేసింది. అయినా తర్వాతి పందాలన్నిటికీ తల తిప్పి చూస్తూనే ఉంది.

ఇంటికి రాగానే మొగుడు ఆమె మొహం చూసి ఒక్కటే అడిగాడు.

"ఏ నంబరు?"

"ఏడు." జరిగిందంతా చెప్పి, నోట్లకట్ట బల్ల మీద పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉంచండి. నా దగ్గర వద్దు."

"నా చేతికివ్వకు. నీకు దండం పెడతాను."

కట్ట అక్కడే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. చివరికి ఆమె గుమ్మంలోకి వెళ్లి, పైవాటాలో ఉండే ఇంటి ఓనరావిడను కేకేసింది.

"అద్దె ముందే కట్టేస్తాం పిన్నిగారూ."

"ఎన్ని నెలలకమ్మా?"

"ఆ కట్ట ఎన్ని నెలలకొస్తే అన్ని నెలలకు."

ఆవిడ దిగివచ్చి కట్ట లెక్కపెడుతున్నంతసేపూ మొగుడూపెళ్లాలిద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.